అమెరికాలో డిగ్రీ సీటుకి అప్లై చేస్తున్నారా? కన్సల్టెంట్‌తో పని ఇలా చేయించుకోండి

ఎంఎస్ దారి మన దగ్గర ప్రతి వీధిలో ఎవరో ఒకరికి తెలుసు. ఇంటర్ అవగానే అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీకి వెళ్లే దారి అలా కాదు. అక్కడ ర్యాంకు, కటాఫ్, వెబ్ ఆప్షన్లు ఏవీ ఉండవు. తొమ్మిదో తరగతి నుంచి మార్కులు చూస్తారు. అక్కడి ప్రవేశ పరీక్ష శాట్‌లో స్కోరు, క్లాసు బయట మీరు చేసిన పనులు, మీరు రాసిన వ్యాసాలు, మీ గురించి లెక్చరర్లు రాసిన ఉత్తరాలు అన్నీ కలిపి చదివి నిర్ణయం తీసుకుంటారు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ లాంటి చోట్ల అప్లై చేసిన నూరుమందిలో ఐదుగురికి కూడా సీటు రాదు.

ఈ పనంతా దగ్గరుండి నడిపించే మనిషి మన జూనియర్ కాలేజీల్లో చాలావాటిలో లేడు. అందుకే కన్సల్టెంట్ దగ్గరికి వెళ్తారు. వెళ్లడంలో తప్పేమీ లేదు. తేదీలు గుర్తుపెట్టడం, ఫారాలు సరిచూడడం, కాలేజీల లెక్క తేల్చడం, రాసింది చదివి ఎక్కడ తేలిపోయిందో చెప్పడం ఆయన పని. రాత, ఖాతాలు, పాస్‌వర్డులు, చివరి నిర్ణయం మాత్రం మీవి. చెడిపోయిన అప్లికేషన్లలో చాలావరకు ఈ రెండూ కలగాపులగం అయిన దగ్గరే చెడతాయి. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ ఈ తేడా చూసుకుంటూ వెళ్లండి.

ముందు ఇంట్లో డబ్బు లెక్క తేల్చండి

పెద్ద ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు, హాస్టల్, తిండి, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 85 వేల నుంచి 95 వేల డాలర్లు అవుతుంది. మన డబ్బులో 70 నుంచి 85 లక్షలు. నాలుగేళ్లకు మూడు కోట్ల మాట. కన్సల్టెంట్‌ని కలవకముందే అమ్మానాన్నలతో కూర్చుని ఒక అంకె రాసుకోండి: అప్పు లేకుండా ఏడాదికి ఎంత పెట్టగలరు, రుణం తీసుకుంటే ఎంత. మొహమాటపడి ఈ అంకె దాచిపెడితే కన్సల్టెంట్ ఇచ్చే కాలేజీల జాబితా ఎందుకూ కొరగాదు.

ఆర్థిక సాయం అడిగినా ఆ కారణంగా సీటు ఆపని కాలేజీలను నీడ్-బ్లైండ్ అంటారు. విదేశీ విద్యార్థుల విషయంలో ఈ పద్ధతి పాటించేవి చాలా తక్కువ. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ చాలాకాలంగా పాటిస్తున్నాయి. 2022లో డార్ట్‌మత్, బోడిన్ చేరాయి. ఆ తర్వాత బ్రౌన్, నోటర్‌డేమ్, వాషింగ్టన్ అండ్ లీ కూడా వచ్చాయి. మిగతావాటిలో చాలావరకు మీరు ఎంత సాయం అడిగారో కూడా చూసే సీటు సంగతి తేలుస్తాయి. బర్కిలీ, లాస్ ఏంజెలెస్ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు విదేశీ విద్యార్థులకు అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం ఇవ్వనే ఇవ్వవు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ముందు సీటు రానిద్దాం, సాయం సంగతి తర్వాత చూద్దాం అనుకోవడం. అప్లై చేసేటప్పుడు సాయం అడగని విదేశీ విద్యార్థికి తర్వాత నాలుగేళ్లూ అడిగే వీలు లేకుండా చాలా కాలేజీలు నిబంధన పెట్టాయి. మొదటి ఏడాది ఎలాగోలా కట్టి రెండో ఏడాది ఇరుక్కుపోయే కుటుంబాలు ఈ నిబంధన చదవనివే.

సాయం కోసం ఎక్కువ కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అడుగుతాయి. అది అక్టోబరు 1న తెరుచుకుంటుంది. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కో దానికి 16 డాలర్లు ఫీజు. అమ్మానాన్నల ఇన్‌కంటాక్స్ రిటర్నులు, ఫారం 16, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందే పోగుచేయండి. వ్యవసాయ కుటుంబమై రిటర్నులు వేయకపోతే తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, దాని ఇంగ్లిష్ అనువాదం, పంట ఆదాయం ఏడాదికేడాది ఎందుకు మారుతుందో చెప్పే ఒక పేజీ ఉత్తరం తయారుచేసుకోండి. పొలం, ఖాళీ స్థలం కూడా ఆస్తిలో చూపాలి. ఈ ఫారంలో ఏటా ఎనిమిది లక్షల ఆదాయమని రాసి, ఆరు నెలల తర్వాత వీసా కాగితాల్లో ఎనభై లక్షల డిపాజిట్ చూపితే అది ఎక్కడిదని అడుగుతారు. జవాబు మీ దగ్గర ఉండాలి.

అమెరికాలో పుట్టి హైదరాబాద్‌లోనో గుంటూరులోనో చదువుతున్న పిల్లలకు అక్కడి పౌరసత్వం ఉంటే వాళ్ల దారి వేరు. వాళ్లు ఫాఫ్సా అనే ప్రభుత్వ ఫారం వేయవచ్చు, సాయం విషయంలో అక్కడి పౌరుల కిందికే వస్తారు. అమెరికాలోనే హెచ్-4 వీసా మీద పెరిగిన పిల్లలకు ఫాఫ్సా వర్తించదు. వాళ్లను చాలా ప్రైవేటు కాలేజీలు విదేశీ విద్యార్థులుగానే లెక్కిస్తాయి. ప్రభుత్వ యూనివర్సిటీల ఫీజు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కన్సల్టెంట్‌కి మొదటి రోజే మీ పౌరసత్వం, వీసా సంగతి చెప్పండి.

కన్సల్టెంట్‌ని ఎంచుకోవడం

కన్సల్టెంట్లు రెండు రకాలు. మీ దగ్గర ఫీజు తీసుకోకుండా, మిమ్మల్ని చేర్చినందుకు యూనివర్సిటీ నుంచి కమీషన్ తీసుకునేవాళ్లు ఒకరు. మీ దగ్గరే ఫీజు తీసుకుని మీకే పనిచేసేవాళ్లు ఇంకొకరు. అమెరికా విద్యార్థులను చేర్చినందుకు తలకింత అని కమీషన్ ఇవ్వడాన్ని అక్కడి చట్టం అడ్డుకుంటుంది, విదేశాల నుంచి వచ్చేవాళ్ల విషయంలో మినహాయింపు ఉంది. కాబట్టి మొదటి రకం చట్టవిరుద్ధమేమీ కాదు. కానీ హార్వర్డ్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటివి సీటుకింత అని ఏజెంట్లకు ఇవ్వవు. అంటే ‘ఫ్రీ సర్వీస్’ బోర్డు కింద కూర్చున్న మనిషికి మిమ్మల్ని ఆ కాలేజీల వైపు నడిపించడం వల్ల ఆదాయం లేదు. ఆదాయం ఉన్న కాలేజీ వైపే ఆయన మాట మొగ్గుతుంది. పోటీ ఎక్కువున్న కాలేజీలే మీ లక్ష్యమైతే రెండో రకం వాళ్లనే చూడండి.

ఫీజు కట్టకముందు ఎడ్యుకేషన్‌యూఎస్ఏకి ఒకసారి వెళ్లండి. అది అమెరికా విదేశాంగ శాఖ నడిపించే సలహా కేంద్రాల వ్యవస్థ. సాధారణ సలహా ఉచితం. ప్రాథమిక విషయాలన్నీ అక్కడే తెలుస్తాయి కాబట్టి కన్సల్టెంట్ దగ్గర దేనికి డబ్బు పెట్టాలో మీకే స్పష్టమవుతుంది.

కన్సల్టెంట్‌ని కలిసినప్పుడు ఈ ప్రశ్నలు ఉన్నవున్నట్టు అడగండి.

‘మీకు ఏ యూనివర్సిటీ నుంచైనా డబ్బు వస్తుందా?’ ఐఈసీఏ లాంటి వృత్తి సంఘాల్లో సభ్యులైతే విద్యార్థిని చేర్చినందుకు కాలేజీల నుంచి డబ్బు తీసుకోకూడదన్న నియమం ఉంటుంది. సభ్యత్వం ఉందంటే ఆ సంఘం వెబ్‌సైటులోని పేర్ల జాబితాలో చూసుకోండి.

‘నా ఫైలు చూసేది మీరేనా?’ మొదటి మీటింగులో సంస్థ పెద్ద మాట్లాడతారు, డబ్బు కట్టాక నిరుడు డిగ్రీ ముగించుకున్న ఉద్యోగి వ్యాసాలు చూస్తారు. అసలు పనిచేసే మనిషిని కలిసి, మీరు రాసిన ఒక పేజీ ఇచ్చి, ఆయన ఏం చెబుతారో విన్నాకే సంతకం పెట్టండి.

‘ఈ ఏడాది మీరొక్కరే ఎంతమందిని చూస్తున్నారు?’ సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఒక మనిషి పాతికమందికి మించి పెట్టుకుంటే మీ వ్యాసాన్ని నిదానంగా చదివే తీరిక ఆయనకు ఉండదు.

‘నిరుడు ఎంతమంది అప్లై చేస్తే ఎంతమందికి వచ్చింది?’ ఫ్లెక్సీ మీద నవ్వుతున్న ఆరుగురి ఫోటోలు కాదు మీకు కావాల్సింది. ఆ ఆరుగురు ఎంతమందిలో ఆరుగురో కావాలి. మిగతావాళ్లు చివరికి ఎక్కడ చేరారో కూడా కావాలి.

సీటు గ్యారంటీ అన్నా, వ్యాసాలు మేమే రాసిపెడతాం అన్నా, లోపల మనవాళ్లున్నారు అన్నా లేచి వచ్చేయండి. 2019లో బయటపడిన ‘వర్సిటీ బ్లూస్’ కేసు సరిగ్గా ఇలాంటిదే. రిక్ సింగర్ అనే కన్సల్టెంట్ టెస్టు స్కోర్లు మార్పించి, ఆటలు ఆడని పిల్లలను ఆటగాళ్లుగా చూపించి, కోచ్‌లకు లంచాలిచ్చి సీట్లు ఇప్పించాడు. 2023 జనవరిలో అతనికి మూడున్నరేళ్ల జైలుశిక్ష పడింది. తల్లిదండ్రులు కూడా జైలుకు వెళ్లారు. కొందరు పిల్లల సీట్లు రద్దయ్యాయి.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఎన్ని కాలేజీలకు, ఒక్కో వ్యాసాన్ని ఎన్నిసార్లు చదువుతారు, పంపిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, సీఎస్ఎస్ ప్రొఫైల్ సాయం ఇందులో ఉందా లేదా, జీఎస్టీ కలిపా విడిగానా, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి వస్తుంది, ఇవన్నీ రాయించండి. మొత్తం ఒకేసారి కట్టవద్దు. మూడు భాగాలు చేసి, చివరి భాగం జనవరి గడువులు దాటాక ఇచ్చేలా మాట్లాడుకోండి. ‘విద్యార్థి ఖాతాల పాస్‌వర్డులు విద్యార్థి దగ్గరే ఉంటాయి’ అన్న వాక్యం తప్పకుండా చేర్పించండి.

పేరు, పాస్‌పోర్టు, ఈమెయిల్

చిన్నపనిలా కనిపిస్తుంది గానీ మన తెలుగు పిల్లలను ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత ఉంటుంది. ఇంటర్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమైపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలో పడుతుంది. శాట్‌కి నమోదు చేసుకునేటప్పుడు ఇంకోలా రాస్తారు. దాంతో స్కోరు ఒక పేరున, అప్లికేషన్ ఇంకో పేరున ఉండిపోయి కాలేజీ రెండింటినీ జతచేయలేకపోతుంది. పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉంటే వీసా మీద అసలు పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (అసలు పేరు తెలియదు అని అర్థం) అని అచ్చవుతుంది. తర్వాత బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా అన్నిచోట్లా అది వెంటాడుతుంది.

టెన్త్ మెమోలోని స్పెల్లింగు, పుట్టిన తేదీ ఆధారంగా, రెండు గడులూ నిండేలా పాస్‌పోర్టు సరిచేయించుకోండి. ఇంటర్ ఫస్టియర్ దసరా సెలవుల్లోపు ఈ పని అయిపోవాలి. ఆ తర్వాత శాట్, కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైటు), సీఎస్ఎస్ ప్రొఫైల్ అన్నిటిలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. అన్నిటికీ ఒకే ఈమెయిల్ వాడండి. అది మీరు తెరిచిందై ఉండాలి. కన్సల్టెంట్ ఆఫీసు తెరిచి ఇచ్చిన ఈమెయిల్‌తో అప్లై చేస్తే, కాలేజీ పంపిన ‘మీ మార్కుల పత్రం అందలేదు’ అన్న ఉత్తరం ఆయన ఇన్‌బాక్సులో వందలాది ఉత్తరాల మధ్య పడి ఉంటుంది.

శాట్, ఇంటర్, జేఈఈ: ఏది ఎప్పుడు

కొన్నాళ్లు శాట్ లేకుండానే చాలా కాలేజీలు అప్లికేషన్లు తీసుకున్నాయి. 2022లో ఎంఐటీ మళ్లీ తప్పనిసరి చేసింది. 2024లో హార్వర్డ్, బ్రౌన్, డార్ట్‌మత్, కాల్‌టెక్ అదే బాట పట్టాయి. యేల్ కూడా ఏదో ఒక పరీక్ష స్కోరు కావాలంటోంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అసలు చూడదు. కాబట్టి రాయడమే మేలు.

పరీక్ష ఇప్పుడు ల్యాప్‌టాప్ మీద, బ్లూబుక్ అనే యాప్‌లో జరుగుతుంది. మొత్తం 2 గంటల 14 నిమిషాలు: ఇంగ్లిష్ 64 నిమిషాలు, మ్యాథ్స్ 70 నిమిషాలు. ఒక్కోదానిలో రెండు భాగాలు. మొదటి భాగం బాగా చేస్తేనే రెండోది కష్టమైనది వస్తుంది, ఎక్కువ మార్కులు అందులోనే ఉన్నాయి. అంటే మొదటి భాగంలో తొందరపడి చేసిన తప్పుకి రెండుసార్లు మూల్యం చెల్లించాలి. ఎంపీసీ చదివేవాళ్లకు మ్యాథ్స్ 800 దగ్గరికి రావడం కష్టం కాదు. స్కోరు ఆగేది ఇంగ్లిష్ దగ్గర. ఆర్నెల్ల ముందు నుంచి రోజుకు ముప్పావు గంట ఇంగ్లిష్‌లో సైన్సు, చరిత్ర వ్యాసాలు చదవండి. కోచింగ్ కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది. బ్లూబుక్‌లో పూర్తి నిడివి నమూనా పరీక్షలు ఉచితంగా దొరుకుతాయి. మొదట అవి, ఆ తర్వాతే కొన్న మెటీరియల్. పోటీ ఎక్కువున్న కాలేజీల్లో చేరినవాళ్ల స్కోర్లు ఎక్కువగా 1500కీ 1580కీ మధ్య ఉంటాయి.

ఫస్టియర్ పరీక్షలు అవగానే మే లేదా జూన్‌లో మొదటిసారి రాయండి. అవసరమైతే ఆగస్టులోనో అక్టోబరులోనో రెండోసారి. మూడోసారికి వెళ్లే సమయాన్ని వ్యాసాలకు పెట్టండి.

ఇక అసలు చిక్కు సెకండియర్‌లో. ఆగస్టు నుంచి జనవరి మొదటి వారం దాకా ఈ అప్లికేషన్లకు రోజుకు రెండు గంటలు కావాలి. జనవరిలోనే జేఈఈ మెయిన్ మొదటి విడత. ఆ వెంటనే ప్రాక్టికల్స్, ఇంటర్ పరీక్షలు. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు నడిపే రెసిడెన్షియల్ కాలేజీలో ఉండి ఇదంతా చేయడం దాదాపు అసాధ్యం. ఐఐటీకి, ఈ కాలేజీలకు రెండింటికీ పూర్తి బలంతో సిద్ధమయ్యేవాళ్లు అరుదు. ఫస్టియర్ చివర్లోనే దేనికి మొదటి స్థానమో తేల్చుకోండి. ఎప్‌సెట్, బిట్‌శాట్ మాత్రం వెనక ఉంచుకోండి. అమెరికా సీటు రాకపోతే ఏడాది ఖాళీ పోకూడదు.

కాలేజీల జాబితా

కన్సల్టెంట్ ఫీజు నిజంగా గిట్టుబాటయ్యే పని ఇదే. మంచి కన్సల్టెంట్ కాలేజీల పేర్లతో మొదలుపెట్టడు, మీ అంకెతో మొదలుపెడతాడు. ఆయన ఇచ్చిన జాబితాను మీరే సరిచూసుకోవచ్చు. దాదాపు ప్రతి పెద్ద కాలేజీ ‘కామన్ డేటా సెట్’ అనే పత్రాన్ని ఏటా బయటపెడుతుంది. అందులో సీ1లో ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి సీటు ఇచ్చారు ఉంటుంది. సీ7లో దేనికి ఎంత ప్రాధాన్యమిస్తారో, సీ9లో శాట్ స్కోర్లు ఎంతో ఉంటాయి. మీకు అన్నిటికన్నా ముఖ్యం హెచ్6: విదేశీ విద్యార్థులు ఎంతమందికి సాయం ఇచ్చారు, సగటున ఎంత. నలభైమందికి సగటున 70 వేల డాలర్లు ఇచ్చిన కాలేజీకి, మూడొందలమందికి పది వేలు ఇచ్చిన కాలేజీకి తేడా అక్కడే తెలుస్తుంది. హెచ్6 చూడకుండా జాబితా ఇచ్చిన కన్సల్టెంట్ చేత మళ్లీ చేయించండి.

కామన్ యాప్‌లో 20 కాలేజీల దాకా పెట్టుకోవచ్చు. పది, పన్నెండు చాలు. అందులో నాలుగు మించి ‘కల’ కాలేజీలు వద్దు. నాలుగైదు మీ మార్కులకు, మీ అంకెకు రెండింటికీ సరిపోయేవి. రెండు మూడు, సీటు దాదాపు ఖాయంగా వచ్చి, డబ్బు కూడా కట్టగలిగినవి. సీటు వస్తుంది గానీ కట్టలేం అన్నది ఈ చివరి వరుసలో పెట్టకూడదు.

ఫీజులూ లెక్కవేసుకోండి. ఎక్కువచోట్ల ఒక్కో కాలేజీకి 50 నుంచి 95 డాలర్లు. ఇబ్బందిగా ఉంటే ఫీజు మినహాయింపు అడగవచ్చు. చాలా కాలేజీలు విదేశీ విద్యార్థులకూ ఇస్తాయి.

వ్యాసాలు, పనుల పట్టిక

కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. ముఖ్యమైన వ్యాసం 650 పదాలు మించకూడదు. దానికి తోడు ఒక్కో కాలేజీ అడిగే చిన్న వ్యాసాలు. పది కాలేజీలంటే అన్నీ కలిపి పాతిక, ముప్పై దాకా తేలతాయి. అక్టోబరులో మొదలుపెడితే అవి పూర్తికావు. జులైలో మొదలుపెట్టండి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాది వేరే అప్లికేషన్: ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 పదాల్లో జవాబు.

మన పిల్లల వ్యాసాలు ఎక్కువగా ఒకే మూసలో పడతాయి. అబ్దుల్ కలాం మాటతో మొదలై, కష్టపడి చదివి టెన్త్‌లో మొదటి స్థానం తెచ్చుకోవడంతో ముగుస్తాయి. మార్కులు అప్లికేషన్‌లో ముందే ఉన్నాయి. వ్యాసంలో చెప్పాల్సింది మీరు దేని గురించి ఎలా ఆలోచిస్తారన్నది. ఇంట్లో బోరు ఎండిపోయినప్పుడు నీళ్ల ట్యాంకర్ల లెక్క రాయడం మొదలుపెట్టి కాలనీ మొత్తం నీటి ఖర్చు తేల్చిన సంగతి, కూచిపూడి జతి ఒకటి నెలల తరబడి కుదరకపోతే ఎక్కడ తప్పుతోందో కనిపెట్టిన సంగతి, ఇలాంటివి రాయండి. విషయం చిన్నదైనా మీరు చూసింది, చేసింది, అనుకున్నది అందులో ఉండాలి.

పని ఇలా జరగాలి. మొదటి ప్రతి మీరే రాయాలి, ఎంత వంకరగా ఉన్నా సరే. కన్సల్టెంట్ పక్కన వ్యాఖ్యలు మాత్రమే రాయాలి: ‘ఇక్కడ నాకు అర్థం కాలేదు’, ‘ఇది ఎప్పుడు జరిగింది?’, ‘ఈ పేరా తీసేస్తే ఏం పోతుంది?’ మీ వాక్యంలోకి వచ్చి తన వాక్యం టైపు చేయకూడదు. గూగుల్ డాక్స్‌లో రాస్తే ఏ మార్పు ఎవరు చేశారో చరిత్ర ఉంటుంది, అవసరమైతే మీ రాతే అని చూపడానికి పనికొస్తుంది. నాలుగైదు ప్రతుల తర్వాత ఆపండి. మరీ దిద్దితే పదిహేడేళ్ల మనిషి గొంతు పోయి నలభై ఏళ్ల వక్త గొంతు వస్తుంది. చదివేవాళ్లు దాన్ని ఇట్టే పసిగడతారు, ఎందుకంటే మీ చిన్న జవాబులు, ఇంటర్వ్యూ ఒకలా, వ్యాసం ఒకలా ఉంటాయి. ఏఐతో రాయించిన దాన్ని సొంత రాతగా ఇవ్వడాన్ని కామన్ యాప్ మోసాల జాబితాలో చేర్చింది. అంతా నిజం, అంతా నా రాత అని చివర్లో సంతకం పెట్టేది మీరే.

పనుల పట్టికలో పది వరుసలు ఉంటాయి. ఒక్కోదాని వివరణకు ఖాళీలతో సహా 150 అక్షరాలే. ‘ఎకో క్లబ్ సభ్యుడు, ఎన్నో కార్యక్రమాల్లో పాల్గొన్నాను’ అంటే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఎన్ని మొక్కలు, ఎన్ని నెలలు, ఎవరితో, ఇప్పుడు ఎన్ని బతికున్నాయి అని రాయండి. రోజూ సాయంత్రం నాన్న కిరాణా కొట్టులో లెక్కలు చూడడం, తోటలో పని, మంచం పట్టిన నానమ్మను చూసుకోవడం కూడా ఈ పట్టికలోకి వస్తాయి. ఉద్యోగం, కుటుంబ బాధ్యతలు అన్న వర్గాలు అందులోనే ఉన్నాయి. మన పిల్లలు సిగ్గుపడి వీటిని వదిలేస్తారు. వదలకండి. దానికి బదులు కన్సల్టెంట్ డబ్బు తీసుకుని పెట్టించే ఎన్జీవో, డబ్బు కట్టి అచ్చువేయించే పరిశోధనా పత్రం మాత్రం వద్దు. సెకండియర్ జూన్‌లో హఠాత్తుగా పుట్టిన సంస్థను చదివేవాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు.

మార్కుల పత్రాలు, లెక్చరర్ల ఉత్తరాలు

తొమ్మిది, పదో తరగతుల మార్కులు పాత బడి నుంచి, ఫస్టియర్ మార్కులు ఇంటర్ బోర్డు మెమో నుంచి, సెకండియర్ అంచనా మార్కులు ప్రస్తుత కాలేజీ నుంచి కావాలి. పాత బడి మూతపడిందనో విలీనమైందనో తెలిసేది అక్టోబరులో అయితే ఆలస్యమైనట్టే. వేసవిలోనే వెళ్లి హెడ్మాస్టరు సంతకంతో రెండు ప్రతులు తెచ్చుకోండి. ఇంటర్ మార్కులను మీరే 4.0 స్కేలులోకి మార్చకండి. బోర్డు ఇచ్చినవి ఇచ్చినట్టే రాయాలి.

కామన్ యాప్‌లో కౌన్సెలర్ అన్న స్థానంలో మన దగ్గర ప్రిన్సిపల్ లేదా వైస్ ప్రిన్సిపల్ ఉంటారు. ఆయన ఉత్తరం, స్కూల్ రిపోర్ట్, తర్వాత మిడ్-ఇయర్ రిపోర్ట్ పంపాలి. వాటికి తోడు ఇద్దరు లెక్చరర్ల ఉత్తరాలు. మార్కులు ఎక్కువ వేసినవాళ్లను కాదు, క్లాసులో మిమ్మల్ని గమనించినవాళ్లను అడగండి. జులైలోనే అడిగి ఒక పేజీ ఇవ్వండి: ఆయన క్లాసులో జరిగిన రెండు మూడు సంగతులు, మీరు అడిగిన ప్రశ్న, చేసిన ప్రాజెక్టు. అది లేకపోతే ‘తెలివైనవాడు, కష్టపడతాడు, క్రమశిక్షణ ఉంది’ అన్న నాలుగు లైన్ల ఉత్తరమే వస్తుంది. ఉత్తరాలు చూసే హక్కు వదులుకుంటారా అని కామన్ యాప్ అడుగుతుంది. వదులుకుంటాను అనే పెట్టండి, లేకపోతే ఆ ఉత్తరానికి విలువ తగ్గుతుంది.

కన్సల్టెంట్ ఇక్కడ చేయగలిగిన గొప్ప మేలు ఒకటుంది. కాలేజీ గురించి చెప్పే రెండు పేజీల ‘స్కూల్ ప్రొఫైల్’ చాలా జూనియర్ కాలేజీల దగ్గర ఉండదు. ఎంతమంది చదువుతున్నారు, ఏ గ్రూపులు, వెయ్యి మార్కుల పద్ధతి ఎలా, ఎన్ని మార్కులు దాటినవాళ్లు ఎంతమంది, అడ్వాన్స్‌డ్ కోర్సులు లేవన్న సంగతి, ఇవన్నీ ప్రిన్సిపల్‌తో కూర్చుని రాయించి పెడితే మీ మార్కుల విలువ అక్కడివాళ్లకు అర్థమవుతుంది.

చేయకూడనిది కూడా ఇక్కడే ఉంది. ప్రిన్సిపల్‌కి తీరిక లేదని ఆయన పేరుమీద జీమెయిల్ తెరిచి కన్సల్టెంట్ ఆఫీసే ఉత్తరాలు పంపడం. అది ఫోర్జరీ. కాలేజీ సొంత ఈమెయిల్ లేకపోతే, ఎందుకు లేదో ప్రిన్సిపల్ లెటర్‌హెడ్ మీద రాసి పంపవచ్చు. 2024లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో భారత్ నుంచి వెళ్లిన ఒక విద్యార్థి నకిలీ పత్రాలతో సీటు, పూర్తి సాయం తెచ్చుకున్నాడని తేలింది. చేరిన తర్వాతే బయటపడింది. అరెస్టయ్యాడు, దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది.

ముందుగా అప్లై చేయడం, పంపే రోజు

నవంబరు 1 దగ్గర వచ్చే గడువులు రెండు రకాలు. ఎర్లీ యాక్షన్‌లో సీటొస్తే చేరాలన్న నిర్బంధం లేదు. ఎర్లీ డెసిషన్‌లో సీటొస్తే చేరి తీరాలి, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి. దాని మీద మీరు, అమ్మానాన్నల్లో ఒకరు, ప్రిన్సిపల్ సంతకం పెడతారు. ఇచ్చిన సాయం చాలకపోతేనే బయటపడే వీలుంది. డబ్బు సంగతి తేలని కుటుంబం ‘అవకాశం పెరుగుతుందట’ అన్న మాట మీద ఎర్లీ డెసిషన్‌కి వెళ్లకూడదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లది ఇంకో పద్ధతి: చేరాలన్న నిర్బంధం లేదు గానీ, అదే సమయంలో ఇతర ప్రైవేటు యూనివర్సిటీలకు ఎర్లీ పంపకూడదు. మామూలు గడువు ఎక్కువచోట్ల జనవరి 1 నుంచి 5. కొన్నిచోట్ల మెరిట్ స్కాలర్‌షిప్ కావాలంటే దానికన్నా నెల ముందే పంపాలి.

కామన్ యాప్‌లో గడువు రాత్రి 11:59 అంటే చాలా కాలేజీలకు మన గడియారం ప్రకారం. అమెరికాలో ఇంకా పగలే కదా అని ఆగితే పోతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి మాత్రం అక్కడి పసిఫిక్ సమయం. ఏదైనా సరే మూడు రోజుల ముందే పంపేయండి. కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో వారం ముందు చూసుకోండి, మన బ్యాంకులు కొత్త కార్డుల్లో వాటిని ఆపి ఇస్తాయి. పంపే ముందు పీడీఎఫ్ ప్రివ్యూ తీసి, కన్సల్టెంట్ ఒకసారి, మీరు ఒకసారి అక్షరం అక్షరం చదవండి. ఒక కాలేజీ వ్యాసంలో ఇంకో కాలేజీ పేరు ఉండిపోవడం ఈ దశలోనే దొరుకుతుంది. పంపండి అనే బటన్ మీ చేత్తోనే నొక్కండి.

పంపాక

రెండు మూడు రోజుల్లో ఒక్కో కాలేజీ తన పోర్టల్ లింకు పంపుతుంది. స్పామ్ కూడా చూడండి. వారానికి రెండుసార్లు ప్రతి పోర్టల్ తెరిచి ఏ పత్రం అందలేదో పట్టిక వేసుకోండి. ఎర్లీ ఫలితాలు డిసెంబరు మధ్యలో, మిగతావి మార్చి నెలాఖరు కల్లా వస్తాయి. ఎర్లీలో నిర్ణయం వాయిదా వేస్తే ఒక పేజీ ఉత్తరం చాలు: అప్పటి నుంచి కొత్తగా జరిగినవి, ఇంకా చేరాలనుకుంటున్న సంగతి. కన్సల్టెంట్ రోజుకొకటి పంపమన్నా పంపకండి.

సీట్లు వచ్చాక సాయం ఉత్తరాలను పక్కపక్కన పెట్టి, నాలుగేళ్లకు మీ చేతి నుంచి ఎంత పోతుందో లెక్క తీయండి. క్యాంపస్‌లో పనిచేసి సంపాదించుకోమన్న మొత్తాన్ని ఇచ్చిన సాయంలో కలపకండి. మే 1 లోపు ఒక్క కాలేజీకే డిపాజిట్ కట్టండి. తర్వాత ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం), 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టేది), వీసా స్లాటు. వీసా ఇంటర్వ్యూకి కన్సల్టెన్సీ ఇచ్చే బట్టీ జవాబులు పక్కన పెట్టి, మీ సాయం ఉత్తరంలో, బ్యాంకు కాగితాల్లో ఏ అంకె ఉందో అది నోటికి వచ్చేలా చూసుకోండి.

ఇంకో పని మిగిలి ఉంటుంది. సెకండియర్ ఫలితాలు వచ్చాక ప్రిన్సిపల్ ఫైనల్ రిపోర్ట్, మెమో పంపాలి. అంచనా మార్కులకూ అసలు మార్కులకూ పెద్ద తేడా ఉంటే కాలేజీ సంజాయిషీ అడుగుతుంది, అరుదుగా సీటు కూడా తీసేస్తుంది. ఫలితాల సమయానికి వేసవి సెలవులుంటాయి, ప్రిన్సిపల్ బదిలీ మీద వెళ్లిపోయి ఉండవచ్చు కూడా. కాబట్టి ఆఖరి పరీక్ష రాసి కాలేజీ గేటు దాటే రోజే ఆఫీసు సూపరింటెండెంటుతో మాట్లాడి, ఆ రిపోర్ట్ ఎవరు, ఏ ఖాతా నుంచి పంపుతారో రాయించుకుని ఫోన్ నంబరు తీసుకోండి.